'అండర్న్' అంటే తొమ్మిది గంటలేనా?

పాత ఇంగ్లీషు మాట 'అండర్న్'కి ఉదయం తొమ్మిది గంటలని నేను చదివిన ఒక వ్యాసంలో ఒక్క ముక్కలో అర్థం ఇచ్చారు. తప్పని అనను కానీ, అసలు కథంతా ఆ తర్వాతే ఉంది.

అప్పట్లో చర్చి లెక్కలో పగటిని పొద్దుపొడుపు నుంచి పొద్దుగూకేదాకా పన్నెండు భాగాలు చేసేవారు. అందులో మూడో గంట అండర్న్. మార్కు సువార్త 15:25లో యేసును సిలువ వేసిన వేళకు పాత ఇంగ్లీషు అనువాదం వాడింది ఈ మాటే. మన తెలుగు బైబిల్లో అక్కడ పగలు తొమ్మిది గంటలని ఉంటుంది. అయితే లండన్ వైపు చలికాలంలో పగలు ఎనిమిది గంటలే, నడివేసవిలో పదహారు దాటుతుంది. కాబట్టి అక్కడి మూడో గంట చలికాలంలో మన గడియారం ప్రకారం పది దగ్గర, వేసవిలో ఎనిమిది దగ్గర పడుతుంది. మనవాళ్లు 'జాము పొద్దెక్కాక' అన్నట్టే, సూర్యుణ్ణి చూసి చెప్పిన వేళ అది.

తర్వాత ఆ మాట మధ్యాహ్నానికీ, సాయంత్రానికీ జరిగింది. ఇంగ్లీషులో మిట్టమధ్యాహ్నానికి వాడే 'నూన్' సరిగ్గా ఎదురు దారి పట్టింది: లాటిన్లో తొమ్మిదో గంట, అంటే మధ్యాహ్నం మూడింటి వేళ, పన్నెండుకి వెనక్కొచ్చింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చెప్పి ఉంటే వ్యాసం ఎంతో నిండుగా ఉండేది.

ఇంకొకటి, ఈ మాటకు తిండితోనూ సంబంధం ఉంది. ఇంగ్లీషుకు చుట్టమైన పాత భాష గోతిక్‌లో దీని చుట్టపు మాట భోజనానికి పేరు. ఉత్తర ఇంగ్లండ్ పల్లెల యాసల్లోనూ చాలాకాలం మధ్యాహ్నపు చిరుతిండిగానే బతికింది.