ఆరింటికి ప్రైవేటు

సంక్రాంతి వెళ్లిన వారం మా పిన్నినీ బాబాయినీ వైజాగ్ తీసుకెళ్లాను. తీసుకెళ్లాను అనడం నా గొప్పే గానీ టికెట్లు మాత్రమే నావి, పెత్తనం పిన్నిది, సణుగుడు బాబాయిది. బీచ్ రోడ్డులో హోటల్, మూడో అంతస్తు, బాల్కనీలోకి వస్తే ఎదురుగా సముద్రం. నేను లోపల ఫోన్ చార్జింగ్‌కి పెట్టుకుని మంచం మీద పడి ఉన్నాను కాబట్టి ఇదంతా నా చెవిన పడింది. కావాలని వినలేదు. అంటే, మొదట్లో.

పిన్ని ఫోన్లో మాట్లాడుతోంది. "ఆఁ బాబూ, ప్రైవేటే. మా ఇద్దరికే. గ్రూపు వద్దు. రేపు పొద్దున్న ఆరింటికి. ఆయన్ని లేపి తీసుకొచ్చే పూచీ నాది. వెయ్యి పంపించాను, చూసుకో."

బాబాయి పేపరు కిందకి దించాడు.

బాబాయి: ఎవరికే ప్రైవేటు?

పిన్ని: మనకే.

బాబాయి: మనకి ప్రైవేటేంటి? ఏం సబ్జెక్టు?

పిన్ని: సబ్జెక్టేంటండీ! ఫొటోలు.

బాబాయి: ఫొటోలకి ప్రైవేటా!

పిన్ని: బీచ్‌కి వచ్చినవాళ్లంతా పెట్టించుకుంటున్నారు. పెళ్లి కాకముందే పెట్టించుకుంటున్నారు జనం, మనం ముప్పై ఆరేళ్ల తర్వాత పెట్టించుకుంటే ఏం పోయింది?

బాబాయి: మన అరుగు మీద పొద్దున్నే ఐదింటికి ప్రైవేటు చదివి ఇంజనీర్లయినవాళ్లు ఎంతమంది ఉన్నారో తెలుసా నీకు? అలాంటివాడికి, రిటైరయ్యాక, ఊరు కాని ఊళ్లో, నువ్వు ప్రైవేటు పెట్టిస్తావా?

పిన్ని ఒక్క క్షణం ఆగింది. కర్టెన్ సందులోంచి ఆవిడ మొహం నాకు కనిపిస్తూనే ఉంది. ఆవిడకి అర్థమైంది. "అది కాదండీ, ఒక కుర్రాడొచ్చి మనిద్దరికీ ఫొటోలు తీస్తాడు" అని ఒక్క ముక్క చెప్తే అక్కడితో సరిపోయేది. చెప్పలేదు. పొట్లంలోంచి రెండు బఠాణీలు తీసి నిదానంగా నోట్లో వేసుకుంది.

పిన్ని: వీక్ స్టూడెంటుకి ప్రైవేటు పెట్టించడంలో నామోషీ ఏముందండీ? ఊళ్లో అమ్మానాన్నలందరికీ ఈ మాట చెప్పింది మీరేగా.

బాబాయి: ఫీజెంత?

పిన్ని: నాలుగున్నర వేలు.

బాబాయి: నెలకా?

పిన్ని: గంటకి.

కుర్చీ కిర్రుమంది. లేచి నిలబడ్డాడన్నమాట.

బాబాయి: గంటకి నాలుగున్నర వేలా! నేను నెలకి యాభై రూపాయలు తీసుకునేవాణ్ణే. ఆదివారం టెస్టుతో సహా!

పిన్ని: తీసుకున్నదెక్కడ? చెప్పింది పాతికమందికి, డబ్బులిచ్చింది పదిమంది, కాఫీలిచ్చింది నేను.

ఇక ఉండబట్టక బయటికొచ్చి, "బాబాయ్, అది ఆ ప్రైవేటు కాదు" అనబోయాను. పిన్ని బఠాణీల పొట్లం నా చేతిలో పెడుతున్నట్టు పెట్టి వేలు గిల్లింది. నోరు మూసుకుని బఠాణీలు తిన్నాను. ఇందులో నా పాపం అంతవరకే.

బాబాయి: అసలు నా ఫొటోలకి ఏమొచ్చిందని?

పిన్ని: తలకాయలు లేవు.

బాబాయి: మళ్లీ మొదలుపెట్టావా?

పిన్ని: 1991 పుష్కరాలు. రాజమండ్రి, కోటిలింగాల రేవు. ముప్పై ఆరు ఫొటోల రీలు. నేను మునిగింది తీశారు, లేచింది తీశారు, దీపం వదిలింది తీశారు. కడిగించి తెస్తే అన్నిట్లో మెడ నుంచి కిందకే ఉన్నాను. మీ అమ్మగారు చీర చూసి గుర్తుపట్టారు నన్ను.

బాబాయి: ఎన్నిసార్లు చెప్పాలే, దాన్ని పారలాక్స్ అంటారు! ఆ యాషికాలో మనం చూసే కన్నం పైన ఉంటుంది, లెన్సు కింద ఉంటుంది. రెండూ ఒకటి కాదు. దగ్గరగా నిల్చుంటే మనకి తల కనిపిస్తుంది, లెన్సుకి కనిపించదు. అది నా తప్పు కాదు, జామెట్రీ.

పిన్ని: మరి మీ అక్కయ్య?

బాబాయి: అక్కయ్య మధ్యలో ఎందుకొచ్చింది?

పిన్ని: అదే కెమెరా, అదే రీలు, అదే రేవు. ఆవిడ తల పడింది, తల మీద కొప్పు పడింది, కొప్పులో కనకాంబరాలు పడ్డాయి, ఆ పైన ఇంకా జానెడు ఆకాశం కూడా పడింది. ఆవిడ వచ్చేసరికి మీ పారలాక్స్ స్నానానికి వెళ్లిందా?

బాబాయి: అక్కయ్య దూరంగా నిల్చుంది. దూరం పెరిగేకొద్దీ పారలాక్స్ తగ్గుతుంది.

పిన్ని: ఆవిడ మనకి దూరంగా నిల్చోవడం ఆ ఒక్కసారే చూశాను లెండి.

(ఈ మాటకి నేను సముద్రం వైపు తిరిగి నవ్వుకోవాల్సి వచ్చింది. ఆ అత్తయ్యంటే నాకూ ఇష్టమే, కానీ నిజం నిజమే.)

బాబాయి: సరే, అప్పటి కెమెరా సంగతి వదిలెయ్. ఇప్పుడు ఫోన్లో ఆ గొడవే లేదు. లెన్సుకి ఏది కనిపిస్తే మనకీ అదే కనిపిస్తుంది. ఇంక ప్రైవేటెందుకు?

పిన్ని: అయితే ఇందాక కురుసుర దగ్గర తీసింది చూపించండి. ఏదీ, అమ్మాయికి చూపించండి.

చూపించాడు. జలాంతర్గామి ఈ కొస నుంచి ఆ కొస దాకా ఉంది. రెండు కొబ్బరిచెట్లున్నాయి. మొక్కజొన్న పొత్తులు కాల్చేవాడు బండితో సహా ఉన్నాడు. ఎడమ అంచున ఒక మోచెయ్యి.

పిన్ని: 91 మీటర్లట ఆ జలాంతర్గామి. అంత పొడుగుది పట్టిన ఫొటోలో ఐదడుగుల మనిషి పట్టలేదా?

బాబాయి: మోచెయ్యి ఉంది కదే.

పిన్ని: అది నాది కాదు. నాకు ఆకుపచ్చ గాజులెక్కడివి?

బాబాయి ఫొటో పెద్దది చేసి చూశాడు. చిన్నది చేసి చూశాడు. ఫోన్ జేబులో పెట్టేశాడు. కాసేపు అలల చప్పుడే.

బాబాయి: ఏం చెప్తాడట వాడు?

పిన్ని: ఎలా నిల్చోవాలి, ఎటు చూడాలి, చేతులెక్కడ పెట్టుకోవాలి, అన్నీ దగ్గరుండి చెప్తాడట.

బాబాయి: నిల్చోవడం కూడానా? ఆఁ, ఉంటుందిలే, చెయ్యి కదలకూడదు కదా.

పిన్ని: నవ్వడం కూడా చెప్తాడట.

బాబాయి: ఫొటో తీసేవాడు నవ్వడమెందుకే?

పిన్ని: ఏమో, మీకు ఆ చాప్టర్ అసలు రాదని చెప్పాను.

బాబాయి: తర్వాత?

పిన్ని: నలభై ఫొటోలు ఎడిట్ చేసి వారంలో పంపిస్తాడు.

బాబాయి: ఎడిట్ అంటే?

పిన్ని: దిద్దడం.

బాబాయి: నలభై దిద్దడానికి వారమా! నేను రాత్రి అన్నం తిని కూర్చుంటే అరవై పేపర్లు దిద్ది పడుకునేవాణ్ణి.

పిన్ని: ఆలస్యంగా వెళ్తే మన గంటలోనే కోసేస్తాడట.

బాబాయి: అది మాత్రం కరెక్టు. నేనూ గేటు వేసేసేవాణ్ణి.

ఆ కుర్రాడి మీద బాబాయికి మొదటిసారి గౌరవం కలిగింది.

పిన్ని: రెండు జతల బట్టలు తెచ్చుకోమన్నాడు.

బాబాయి: ప్రైవేటుకి రెండు జతలెందుకే?

పిన్ని: ఒకటి తడుస్తుందిగా.

బాబాయి: నీళ్లలోకి దింపి నేర్పుతాడా! డ్రోన్ కూడా ఉంటుందనుకుంటాను ఈ లెక్కన.

పిన్ని: అడిగాను. నేవీ ఉన్న ఊరమ్మా, ఎక్కడపడితే అక్కడ ఎగరేయనివ్వరన్నాడు.

బాబాయి: మంచిదే. మొదటిరోజే డ్రోనెందుకు, ముందు తల పడనీ.

ఇంత జరిగినా ఆయనకి అనుమానం రాలేదా అంటే రాలేదు. లెక్కల మాస్టార్లకి మొదటి స్టెప్పు తప్పయితే మిగతా లెక్కంతా ఎంత పద్ధతిగా చేస్తారో నాకు ఆరోజే తెలిసింది.

బాబాయి: అన్నట్టు, ఆరింటికే ఎందుకు? సాయంత్రం చెప్పడా?

పిన్ని: నేను సాయంత్రమే అడిగాను. సూర్యుడు సముద్రంలోకి దిగుతుండగా కావాలన్నాను. కుదరదన్నాడు.

బాబాయి: (పది నిమిషాలుగా ఈ అవకాశం కోసమే కూర్చున్నట్టు) ఎలా కుదురుతుందే! ఇది తూర్పు తీరం. సూర్యుడు ఇక్కడ సముద్రంలోంచి లేస్తాడు, ఊరి వెనకాల దిగుతాడు. మాస్టారి భార్యవి, ఇది కూడా తెలీదా? సముద్రంలో దిగడం చూడాలంటే గోవా వెళ్లాలి.

పిన్ని: తీసుకెళ్లకూడదా ఏంటి?

గెలిచింది ఒక్క పాయింటు. అదీ నిలబెట్టుకోలేకపోయాడు పాపం.

చోటు దగ్గర ఇంకో పది నిమిషాలు పట్టింది. ఈ ఎదురుగా ఉన్న బీచ్‌లో పొద్దున్నే వాకింగ్ జనం, కాబట్టి వద్దు. ఎర్రమట్టి దిబ్బలన్నాడట, బాబాయి తెల్లపంచె ఎవరు ఉతుకుతారని పిన్ని వద్దంది. చివరికి భీమిలి ఖాయమైంది. ఐదింటికల్లా కారెక్కాలి.

రాత్రి భోజనం చేశాక బాబాయి "ఇప్పుడే వస్తా" అని కిందకి వెళ్లి అరగంటకి వచ్చాడు. చేతిలో కవరు. పిన్ని స్నానానికి వెళ్లగానే "అమ్మాయ్, నీ దగ్గర స్కేలుందా?" అన్నాడు. బీచ్‌కి వచ్చినవాళ్ల దగ్గర స్కేలెందుకుంటుంది బాబాయ్ అన్నాను. రూమ్ కార్డు అంచు ఆనించి ఏదో గీసుకున్నాడు. నేను పట్టించుకోలేదు.

పొద్దున్న భీమిలిలో చలిగాలి. చేపల పడవలు ఇసక మీదకి లాగి ఉన్నాయి, వలలు ఆరేసి ఉన్నాయి, వెలుగు అప్పుడప్పుడే వస్తోంది. పిన్ని ఉప్పాడ చీర కట్టుకుని తలలో చామంతులు పెట్టుకుంది. బాబాయి ఇస్త్రీ చొక్కా, పంచె, చంకలో కవరు. కుర్రాడు మాకంటే ముందే వచ్చి నిల్చున్నాడు. బాబాయి వాచీ చూసి, మెచ్చుకోలుగా తలాడించాడు.

కుర్రాడు: సార్, మీరు అమ్మగారి పక్కకి రండి.

బాబాయి: నేను అక్కడికొస్తే ఫొటో ఎవరు తీస్తారు?

కుర్రాడు: నేనే సార్.

బాబాయి: నువ్వు తీసేస్తే మరి నేను నేర్చుకునేదెప్పుడు?

కుర్రాడు నావైపు చూశాడు. నేను పాత లైట్‌హౌస్ వైపు చూశాను.

బాబాయి: సరే, ముందు నువ్వు తీసి చూపించు. కానీ తల ఎందుకు తెగుతుందో అది చెప్పు మొదట.

కుర్రాడు: ఎవరి తల సార్?

అంతే, పిన్ని ఉప్పాడ చీరతో సహా ఇసకలో కూలబడింది. నవ్వు కాదది, ఏడుస్తోందేమో అని పడవ దగ్గర వల సర్దుకుంటున్నాయన లేచి నిలబడ్డాడు. కుర్రాడు తెలివైనవాడు, ఏం జరుగుతోందో తెలీకపోయినా నొక్కుతూనే ఉన్నాడు. బాబాయికి అప్పుడు వెలిగింది. ముందు చెవులు ఎర్రబడ్డాయి, తర్వాత "ముప్పై ఆరేళ్లే! ముప్పై ఆరేళ్ల నుంచీ ఇదే వరస!" అని అరిచాడు, ఆ ఊపులో కవరు జారి కింద పడింది.

తీసింది నేనే. రెండొందల పేజీల లాంగ్ నోట్సు. ఎడమవైపు మార్జిన్ గీసి ఉంది. కుడివైపు పైన తేదీ. మధ్యలో "ఫొటోగ్రఫీ" అని రాసి కింద రెండు గీతలు.

సందేహాలు:
1. తల పైన ఎంత జాగా వదలాలి? (వేళ్ల లెక్కలో)
2. సరిగ్గా నొక్కే సమయానికి కళ్లు మూసేసే మనిషైతే ఏం చెయ్యాలి?
3. 1991 నాటి ఫొటోలకి ఇప్పుడు తల అతికించే వీలుందా? ఎంతవుతుంది?

పిన్ని నా చేతిలోంచి లాక్కుని చదివింది. కళ్లు తుడుచుకుంది, నవ్వి నవ్వి నీళ్లొచ్చాయంది. "అక్షరాలు చూడవే, ఇప్పటికీ ఎంత గుండ్రంగా ఉన్నాయో" అంది. నాతోనే అంది, ఆయనతో కాదు. ఆయన వైపు తిరిగేసరికి గొంతు మారిపోయింది.

పిన్ని: రెండోది ఎవరి గురించండీ?

బాబాయి: జనరల్‌గా రాశాను.

ఆరున్నర దగ్గర సూర్యుడొచ్చాడు. ఆ గంటంతా ఆయన మొహం ముడుచుకునే ఉన్నాడు, కుర్రాడు "కొంచెం నవ్వండి సార్" అన్నప్పుడల్లా "అది రేపటి పాఠం" అన్నాడు. అయిపోయాక మాత్రం ఫీజు నిండా ఇచ్చాం కాబట్టి నేనొకటి తీసి తీరతానని కూర్చున్నాడు. కుర్రాడు కెమెరా ఆయన మెడలో వేశాడు. బాబాయి మోకాలు వంచి, ఊపిరి బిగబట్టి, ఒక కన్ను మూసి, ఇంకో కన్ను కూడా కాసేపు మూసి, నొక్కాడు.

వారానికి నలభై ఫొటోలూ ఆయన తీసినదీ కలిపి వచ్చాయి. తల ఉంది. కళ్లు తెరుచుకునే ఉన్నాయి. చామంతులున్నాయి. ఆ పైన భీమిలి ఆకాశం మొత్తం ఉంది. గడ్డం కింద ఏమీ లేదు.

పిన్ని: ఏవండీ, ఆ తల కింద ఎనిమిది వేల చీర ఉండాలి.

బాబాయి: తల అడిగావు, ఇచ్చాను.

పిన్ని: అదే మీ అక్కయ్యయితే చీర, చెప్పులతో సహా పడేవి.

బాబాయి: (కాసేపాగి) ఏమే, ఆ కుర్రాడు నిజంగా ప్రైవేటు చెప్తాడేమో ఒకసారి కనుక్కో. ఆదివారాలు మాత్రమే.