ఏడు తరాలు వెతికినా దొరకని దోషం

బెంగళూరులోని తెలుగు కుటుంబాల్లో పెళ్లి సంబంధం కుదిరే ముందు జీతం, ఫ్లాటు, వీసా సంగతులు బాహాటంగానే మాట్లాడుకుంటారు. ఒక్క ఆరా మాత్రం మధ్యవర్తి చెవిలో వేస్తారు: వాళ్ల వైపు ఎవరికైనా మతి చలించిందా, ఎవరినైనా నిమ్‌హాన్స్‌కు తిప్పారా? అనంతపురం, చిత్తూరు జిల్లాల నుంచి నిత్యం జనం వచ్చే మానసిక, నరాల జబ్బుల ఆసుపత్రి అది. అయినా ఆ పేరు చెవిన పడగానే జాతకం వెనక్కి వెళ్లిపోతుంది. ఇప్పుడీ ఆరాకు ‘జన్యువులు’ అనే మాట తోడైంది. వంశంలో ఉంటే వస్తుందని సైన్సే చెబుతోంది కదా అంటారు చదువుకున్నవాళ్లు. సైన్స్ చెప్పేది అది కాదు.

లేని మాటలు వినిపించి, లేని అనుమానాలు నిజమనిపించే తీవ్ర మానసిక జబ్బు స్కిజోఫ్రీనియా. అందులో వారసత్వం పాలు ఎక్కువేనని కవలల అధ్యయనాలు ఎప్పుడో తేల్చాయి. ఒకే జన్యువులున్న కవలల్లో ఒకరికి జబ్బు వచ్చినా, రెండోవారు దాదాపు సగం సందర్భాల్లో దాని బారిన పడరని కూడా అవే చెప్పాయి. 2022లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన అంతర్జాతీయ పరిశోధన 76,755 మంది రోగుల డీఎన్ఏను, జబ్బు లేని 2,43,649 మంది డీఎన్ఏతో పోల్చి జన్యుపటంలో ఈ జబ్బుతో ముడిపడిన 287 చోట్లను గుర్తించింది. ఒక్కోచోట ఉన్న తేడా పెంచే ముప్పు రవ్వంత. వాటిలో కొన్నయినా లేని మనిషి ఉండడు. ఆరా తీసే వియ్యపురాలి ఒంట్లోనూ ఉంటాయి.

అసలు చిక్కుముడి పరిణామానిది. ఈ జబ్బు ఉన్నవారికి పిల్లలు తక్కువ. స్వీడన్ జనాభా రికార్డులతో 2013లో చేసిన అధ్యయనంలో, జబ్బున్న పురుషుల సంతానం ఇతరుల సంతానంలో దాదాపు నాలుగో వంతేనని తేలింది. అలాంటప్పుడు ప్రకృతి ఈ జన్యువులను ఎప్పుడో ఏరిపారేయాలి కదా? 1964లో జూలియన్ హక్స్‌లీ, ఎర్నెస్ట్ మేయర్ వంటి జీవశాస్త్ర ఉద్దండులు దీని వెనుక ఏదో మేలు దాగి ఉండాలని ఊహించారు. తర్వాత బ్రిటిష్ మనోవైద్యుడు టిమ్ క్రో, మనిషి భాష నేర్చినందుకు చెల్లిస్తున్న మూల్యమే ఈ జబ్బు అన్నాడు. మేధకూ ఉన్మాదానికీ చుట్టరికం కట్టే కబుర్లు సరేసరి. వినడానికి బాగుంటాయి. రోగి అన్నం తినిపించుకోకుండా గదిలో కూర్చున్న ఇంట్లో ఈ కవిత్వం ఎవరికి కావాలి?

నన్ను ఒప్పించిన సమాధానంలో కవిత్వం లేదు. మెదడును కట్టడానికి వేల జన్యువులు పనిచేయాలి కనుక తప్పు దొర్లే చోట్లూ అన్నే. పుట్టే ప్రతి బిడ్డలోనూ తల్లిదండ్రుల్లో లేని కొత్త డీఎన్ఏ మార్పులు అరవై, డెబ్బై దాకా ఉంటాయి. తండ్రి వయసు ఏడాది పెరిగితే సగటున రెండు కలుస్తాయని 2012లో ఐస్‌లాండ్ పరిశోధకులు లెక్కగట్టారు. (నలభై దగ్గరపడిన వరుడి జీతం చూసి మురిసేవాళ్లు ఈ లెక్క అడగరు.) పెద్ద హాని చేసే మార్పులను ప్రకృతి త్వరగానే తుడిచేస్తుంది. ఈ జబ్బు ముప్పును బాగా పెంచే, సెట్‌డీ1ఏ అనే జన్యువును దెబ్బతీసే మార్పులు అంత అరుదుగా కనిపించడానికి కారణం అదే. చిన్నవి మాత్రం ఆ చీపురుకు అందవు. తుడిచేలోగా కొత్తవి వచ్చి చేరతాయి.

ఇది ఊహ కాదనడానికి చరిత్రలో ఒక ఘోరమైన సాక్ష్యం ఉంది. 1933లో నాజీ జర్మనీ తెచ్చిన నిర్బంధ స్టెరిలైజేషన్ (పిల్లలు పుట్టకుండా చేసే) చట్టం స్కిజోఫ్రీనియాను పేరు పెట్టి మరీ చేర్చింది. తర్వాత రోగులను చంపడమే మొదలైంది. స్టెరిలైజేషన్‌కో హత్యకో గురైన స్కిజోఫ్రీనియా రోగులు 2 లక్షల పైమాటేనని పరిశోధకుల అంచనా. యుద్ధం తర్వాత జర్మనీలో ఈ జబ్బు మాయమైందా? లేదు. కొత్త కేసులు వస్తూనే ఉన్నాయి. రాజ్యమే కత్తి పట్టినా తెగని దాన్ని పెళ్లిళ్ల పేరయ్య తెంచుతాడా?

తల్లిదండ్రుల భయం కూడా అర్థం లేనిదేమీ కాదు. మామూలుగా నూటికి ఒకరికి వచ్చే జబ్బు, తల్లికో తండ్రికో ఉంటే దాదాపు పది మందిలో ఒకరికి వస్తుంది. చేసుకోబోయేవారికి ఆ సంగతి దాచకూడదు. వంశం చూడటం పనికొచ్చే సందర్భాలూ ఉన్నాయి. ఆర్యవైశ్యుల్లో ఆపరేషన్ సమయంలో ఇచ్చే, కండరాలను సడలించే ఒక మందు పడని లోపం ఎక్కువ. ఒకే జన్యువు వ్యవహారం కనుక ముందే తెలిస్తే ప్రాణం దక్కుతుంది. కానీ స్కిజోఫ్రీనియా వచ్చినవారిలో అత్యధికుల తల్లిదండ్రులకు, తోబుట్టువులకు ఆ జబ్బే ఉండదు. ‘మంచి వంశం’ ఇచ్చే హామీ అంతంతమాత్రమే.

ఆరా చేసే హాని మాత్రం ఖాయం. చెల్లెలి పెళ్లయ్యే దాకా అన్న జబ్బు బయటపడకూడదని వైద్యం వాయిదా వేస్తారు. ఈ జబ్బులో తొలి నెలల ఆలస్యమే కొంప ముంచుతుంది.

మధ్యవర్తులను అని ఏం లాభం, చట్టమే వారికి వత్తాసు పలుకుతుంటే? 1976 సవరణతో హిందూ వివాహ చట్టంలోని విడాకుల సెక్షన్ వివరణలో స్కిజోఫ్రీనియా పేరు చేరింది. మధుమేహం, గుండెజబ్బు పేర్లు అక్కడ లేవు. కేవలం ఆ ముద్ర ఉన్నంత మాత్రాన విడాకులు ఇవ్వలేమని, జబ్బు తీవ్రత చూడాలని సుప్రీంకోర్టు 1988లోనే చెప్పింది. తీవ్రతే కొలత అయినప్పుడు ఆ పేరు అక్కడెందుకు? పార్లమెంటుకు మాట తీసేయడం చేతకాక కాదు. అదే సెక్షన్‌లో విడాకులకు కారణంగా ఉన్న కుష్ఠువ్యాధిని 2019లో తొలగించింది. స్కిజోఫ్రీనియాను మాత్రం అక్కడే ఉంచింది.