పసివాడి పేరు మీది గీతకే ఐక్యత చెదురుతుందా?

2017లో ఫ్రాన్స్‌లోని కెంపేర్‌లో ఓ జంట కొడుక్కి ఫాంచ్ అని బ్రెటన్ భాషలో పేరు పెట్టుకుంది. రాసేటప్పుడు అందులో ‘ఎన్’ అక్షరం నెత్తిన చిన్న వంకర గీత పడాలి. ఆ గీత ఫ్రెంచి లిపిలో లేదంటూ గొడవ కోర్టుకెక్కింది. దాన్ని ఒప్పుకుంటే దేశ ఐక్యతకు, పౌరుల సమానత్వానికి భంగమన్నట్టు స్థానిక కోర్టు తీర్పిచ్చింది. చివరికి 2019లో ఆ కుటుంబమే గెలిచింది. అయినా అణ్వస్త్రాలున్న రాజ్యం పసివాడి పేరు మీది గీతకు అంత టెన్షన్ పడటం ఏ రకమైన ఐక్యత?

ఫ్రాన్స్ పడమటి కొసన ఉన్న బ్రిటనీలో 1950 ప్రాంతంలో దాదాపు పది లక్షల మంది బ్రెటన్ మాట్లాడేవారు. 2024 సర్వేలో తేలింది లక్షా ఏడు వేలు. జనమే వదిలేశారని పారిస్ వాదన. ఎలా వదిలేశారు? బడిలో బ్రెటన్ మాట్లాడిన పిల్లవాడి మెడలో చెక్కముక్కో, పాత చెక్క చెప్పో వేలాడదీసేవారు. వాడు దాన్ని వదిలించుకోవాలంటే బ్రెటన్ మాట్లాడే మరో పిల్లవాణ్ని పట్టివ్వాలి. సాయంత్రానికి ఎవరి మెడలో ఉంటే వాడికి శిక్ష. అలా తోటివాళ్ల మీద నిఘా పెట్టించి పెంచిన తరం, తన పిల్లలతో ఫ్రెంచిలోనే మాట్లాడింది. దీన్ని ఇష్టపడి వదిలేయడం అనడం అన్యాయం.

అందరికీ ఒకే భాష ఉంటేనే రైతు బిడ్డకూ దొర బిడ్డకూ సమాన అవకాశమనే వాదన తేలిగ్గా కొట్టేసేది కాదు. బ్రిటనీ జనానికి ఉద్యోగాలిచ్చింది ఫ్రెంచి భాషే, నిజమే. కానీ ఫ్రెంచి వద్దన్నదెవరు? 1977లో మొదలైన దివాన్ బడుల్లో చదువు బ్రెటన్‌లో సాగినా, పిల్లలు ఫ్రెంచి కూడా నేర్చుకునే బయటికొస్తారు.

నా దృష్టిలో అసలు సంగతి వేరు. ఇంట్లో ఎంత మాట్లాడినా, సర్కారు కాగితం మీద కనిపించని భాష బతకదు. సముద్రం అవతల, బ్రెటన్‌కు చుట్టమైన వెల్ష్ కథ చూడండి. 1950లలో బ్రిటన్‌లోని వేల్స్‌లో ట్రెవర్, ఐలీన్ బీస్లీ దంపతులు ఇంటి పన్ను నోటీసు వెల్ష్‌లో ఇస్తేనే కడతామన్నారు. జప్తు అధికారులు వచ్చి ఇంట్లో సామాన్లు పట్టుకుపోయారు. మళ్లీ మళ్లీ కోర్టు మెట్లెక్కించారు. వాళ్లు తగ్గలేదు. ఎనిమిదేళ్లకు, 1960లో, నోటీసు రెండు భాషల్లో వచ్చింది. మామూలు పన్ను కాగితం కోసం ఇంట్లో సామాన్లు పోగొట్టుకున్న ఆ పట్టుదల నుంచే తర్వాతి ఉద్యమాలు బలం తెచ్చుకున్నాయి. ఇవాళ అక్కడ రోడ్డు బోర్డు మీదా, ఆఫీసు కౌంటర్‌లోనూ వెల్ష్ ఉంది. 2050కి పది లక్షల మంది మాట్లాడాలని ప్రభుత్వమే లక్ష్యం పెట్టుకుంది.

ఫ్రాన్స్ మాత్రం 2008లో ప్రాంతీయ భాషలు దేశ వారసత్వమని రాజ్యాంగంలో రాసుకుని, 2021లో పూర్తిగా వాటిలోనే బోధించే పద్ధతిని చట్టాలు రాజ్యాంగానికి లోబడి ఉన్నాయో లేదో తేల్చే రాజ్యాంగ మండలితో కొట్టేయించుకుంది. ప్రాంతీయ, అల్పసంఖ్యాక భాషల యూరోపియన్ ఒడంబడికపై 1999లో సంతకం చేసి, ఇంతవరకూ ఆమోదించలేదు. రాజ్యాంగం అడ్డొస్తుందట! గణతంత్ర భాష ఫ్రెంచి అన్న వాక్యం 1992లో రాజ్యాంగాన్ని సవరించి చేర్చినదే. అప్పుడు సవరించగలిగిన పార్లమెంటు, బ్రెటన్ మాట్లాడే ఆ లక్ష మంది మిగిలుండగానే ఇంకోసారి సవరించాలి.