రెండు నాబ్‌లు, హెర్ట్జ్ అంకెలు ఉంటే ఈక్వలైజరేనా?
పాత సౌండ్ పెట్టె ఫోటో వేసి, దాని మీద రెండు నాబ్‌లు, హెర్ట్జ్ (సెకనుకు ఎన్ని కంపనాలో చెప్పే కొలత) అంకెలు కనిపిస్తే అది ఈక్వలైజరే అని మీ వ్యాసంలో రాశారు, ఒప్పుకోలేను. అది ఫిల్టర్ కూడా కావచ్చు. ఈక్వలైజర్ శబ్దంలోని బరువైన, సన్నని భాగాలను విడివిడిగా పెంచుతుంది, తగ్గిస్తుంది. ఫిల్టర్ ఒక అంకెకు కిందవో పైనవో కోసేస్తుంది, అంతే. హన్మకొండలో మా నాన్న మైక్‌సెట్లు కిరాయికిచ్చేవాడు. మా దగ్గరున్న ఫిల్టర్ పెట్టెకు కరెంటు వైరే లేదు, మూత తీస్తే లోపల కాయిల్స్, కండెన్సర్లు. నాన్న నాబ్‌ను 300 దగ్గర పెట్టి వదిలేసేవాడు, అంతకు కింది బరువు శబ్దాలు ఆగిపోయి, డప్పు దెబ్బకు హారన్ స్పీకర్ యూనిట్‌లోని పల్చటి డయాఫ్రమ్ (కంపించే పొర) చిరగకుండా. అది కొనకముందు ఒక్క బతుకమ్మ సీజన్లోనే రెండు యూనిట్లు పోయాయి. మీ ఫోటోలోలా 300, 3400 రెండూ రాసి ఉంటే మాత్రం అది టెలిఫోన్ లైన్ల కోసం చేసిందే అయ్యుంటుంది, ఫోన్లో మాటలు ఆ రెండు అంకెల మధ్యలోనే వెళ్తాయి కదా.