మూడో రోజు క్రియాటినిన్ చూడని చోట ఏఐ ఏం చేస్తుంది?

కొన్ని యాంటీబయాటిక్స్ ఒకపక్క ప్రాణం నిలబెడుతూనే మరోపక్క కిడ్నీకి ఎసరు పెడతాయి. జెంటామైసిన్, అమికాసిన్, వాంకోమైసిన్, ఇంకేదీ పనిచేయనప్పుడు బయటికి తీసే కొలిస్టిన్ ఈ కోవలోవే. కిడ్నీ భయంతోనే కొలిస్టిన్‌ను 1970ల్లో దాదాపు పక్కన పెట్టేశారు. మొండి బ్యాక్టీరియా పెరిగాక గత్యంతరం లేక మళ్లీ ఐసీయూల్లోకి తెచ్చుకున్నారు. ఈ మందులు వాడినవాళ్లలో ఎవరి కిడ్నీ దెబ్బతింటుందో ఏఐ ముందే చెప్పేస్తుందన్న ఆశ ఇప్పుడు గట్టిగానే ఉంది. ఆశ తప్పు కాదు. కానీ విజయవాడ సూర్యారావుపేట ఆస్పత్రుల్లోనైనా, గుంటూరు కొత్తపేట ఆస్పత్రుల్లోనైనా ముందు తేలాల్సిన సంగతి వేరే ఉంది. ఆ అంచనా కట్టడానికి కావాల్సిన సమాచారం మన కేస్ షీట్లలో ఉందా?

ఈ రంగంలో బాగా పేరొచ్చిన ప్రయత్నం 2019 నాటిది. గూగుల్‌కు చెందిన డీప్‌మైండ్ అమెరికాలోని మాజీ సైనికుల ఆస్పత్రుల నుంచి 7 లక్షల మందికి పైగా రోగుల రికార్డులు తీసుకుంది. కారణం మందులైనా మరొకటైనా, ఆస్పత్రిలో ఉండగా కిడ్నీ దెబ్బతిన్న సందర్భాల్లో 55.8 శాతాన్ని 48 గంటల ముందు దాకా పసిగట్టగలిగింది. అయితే నిజమైన హెచ్చరిక ఒకటి వస్తే ఉత్తుత్తివి రెండు వచ్చాయి. పైగా ఆ రికార్డుల్లో ఆడవాళ్లు 6 శాతం చిల్లర మాత్రమే. దాన్ని తెచ్చి మన వార్డులో పెడితే మన ఆడవాళ్ల గురించి ఏం చెబుతుందో నాకైతే నమ్మకం లేదు.

ఉదాహరణకు గుంటూరులో మిర్చి తొడిమలు తీసే కూలీని ఊహించుకోండి. 60 ఏళ్లు, 42 కిలోలు. జ్వరంతో చేరింది. రక్త పరీక్షలో క్రియాటినిన్, అంటే కండల్లో పుట్టి కిడ్నీ వడకట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం, 0.9 వచ్చింది. రిపోర్టులో పక్కనే నార్మల్ అని ఉంటుంది, ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. కానీ వయసు, బరువు కలిపి మందు మోతాదు కోసం డాక్టర్లు వాడే పాత కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ సూత్రంలో వేస్తే ఆమె కిడ్నీ వడపోత నిమిషానికి 44 మిల్లీలీటర్ల దగ్గర తేలుతుంది. ఆరోగ్యంగా ఉన్న పడుచు మనిషికి వంద అటూ ఇటూ ఉండాల్సింది. కండ తక్కువున్న మనిషిలో క్రియాటినిన్ తయారయ్యేదే తక్కువ, అందుకే అంకె చూడ్డానికి బాగానే ఉంటుంది. అదే అంకెను నమ్మి ఫుల్ డోస్ అమికాసిన్ రోజూ ఎక్కిస్తే? ఈ లెక్కకు ఏఐ అక్కర్లేదు. ఫోన్‌లో కాల్‌క్యులేటర్ చాలు, కాకపోతే మనిషిని బరువు తూచి ఉండాలి. మంచం దిగలేని రోగి బరువును కంటిచూపుతో ఉజ్జాయింపుగా రాసేయడం ఎంత మామూలో వార్డుల్లో తిరిగినవాళ్లకు తెలుసు.

రెండో చిక్కు ఆలస్యం. దెబ్బ తగిలాక ఒకటి రెండు రోజులకు గానీ క్రియాటినిన్ పెరగదు. జెంటామైసిన్ జాతి మందులు కిడ్నీ గొట్టాల కణాల్లో కొద్దికొద్దిగా పేరుకుంటాయి. నష్టం సాధారణంగా ఐదు రోజుల నుంచి వారం లోపు బయటపడుతుంది. అప్పుడు కూడా చాలామందికి మూత్రం మామూలుగానే వస్తుంటుంది. ‘యూరిన్ బాగానే పోతోందండీ’ అన్న మాట దగ్గర అందరూ నిశ్చింతగా ఉండిపోతారు.

మన ప్రాంతానికి మరో బరువు తోడవుతుంది. విజయవాడకు అంత దూరమేమీ కాని ఎ.కొండూరు మండలం తండాల్లో కిడ్నీ జబ్బు ఏళ్ల తరబడి పీడిస్తోంది. అక్కడి నుంచి వచ్చిన మనిషికి పాత క్రియాటినిన్ ఎంతుందో తెలియకుండా కొత్తగా ఎంత పెరిగిందో ఎలా చెబుతారు? కిడ్నీ హఠాత్తుగా దెబ్బతిందని తేల్చే అంతర్జాతీయ నిర్వచనమే పాత క్రియాటినిన్ అంకె మీద ఆధారపడి ఉంది: 48 గంటల్లో 0.3 పెరగాలి, లేదా వారంలో ఒకటిన్నర రెట్లు కావాలి. ఇక పెద్దాస్పత్రికి రాకముందే ఆర్‌ఎంపీ దగ్గర పడిన, కిడ్నీకి చెరుపు చేసే డైక్లోఫెనాక్ నొప్పి ఇంజెక్షన్లు, మే నెల ఎండకు ఒంట్లో ఇంకిపోయిన నీరు కేస్ షీటుకు ఎక్కవు. ఎక్కనిదాన్ని ఏ సాఫ్ట్‌వేరూ ఊహించలేదు.

అమెరికాలోని సిన్సినాటి పిల్లల ఆస్పత్రి చేసింది నాకు మరింత నచ్చుతుంది. కిడ్నీకి చెరుపు చేసే మందులు ఒకేసారి మూడో అంతకన్నా ఎక్కువో పడుతున్నా, జెంటామైసిన్ లాంటిది సిరలోకి మూడు రోజులు ఎక్కినా, ఆ బిడ్డకు రోజూ క్రియాటినిన్ చూడాలి. ఇంతే నిబంధన. మందుల వల్ల కిడ్నీ దెబ్బతినడం అక్కడ 64 శాతం తగ్గింది. ఈ పనికి ఫార్మసిస్టు దగ్గర ఒక జాబితా, డ్యూటీ డాక్టరుకు ఒక ఫోన్ కాల్ సరిపోతాయి.

క్రియాటినిన్ అంకె పెరిగిన ప్రతిసారీ కిడ్నీ చెడిందనీ కాదు. 2025లో గుంటూరు దగ్గరి తురకపాలెం వార్తల్లోకెక్కినప్పుడు మట్టిలోని బ్యాక్టీరియా వల్ల వచ్చే మెలియాయిడోసిస్ పేరు అందరి నోళ్లలో నానింది. ఆ జబ్బుకు నెలల తరబడి వాడే కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్, కిడ్నీకి ఏమీ కాకపోయినా క్రియాటినిన్‌ను కాస్త పెంచగలదు. కిడ్నీని నిజంగా దెబ్బతీయడమూ ఉంది. ఏది ఏదో తేల్చాల్సింది డాక్టరే. రిపోర్టు చూసి టెన్షన్ పడి మాత్రలు ఆపేయడం రోగి పని కాదు. ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలను దెబ్బతీసే సెప్సిస్‌లోనైతే యాంటీబయాటిక్ మొదటి డోస్ ఆలస్యమైతేనే ప్రాణం మీదికి వస్తుంది, ఆ ఇన్ఫెక్షన్ కూడా కిడ్నీని తినేస్తుంది.

మరి ఈ మందులు మొదలెట్టిన మూడో రోజు క్రియాటినిన్ పరీక్ష ఎందుకు జరగదు? ముందే ఒక మొత్తం ఖరారైన ప్యాకేజీ వైద్యంలో అదనపు పరీక్ష ఆస్పత్రికి ఖర్చు, జేబు నుంచి కట్టేచోట రోగికి అనుమానం: బిల్లు పెంచడానికే రాస్తున్నారని. ప్రభుత్వం నిజంగా ఏదైనా చేయదలిస్తే ఈ మందులు రాసిన ప్రతి కేసు క్లెయిమ్‌లో మొదటి రోజు, మూడో రోజు క్రియాటినిన్ తప్పనిసరి చేయొచ్చు. డిశ్చార్జి కాగితం మీద చివరి క్రియాటినిన్, వచ్చే వారం మళ్లీ చూపించుకోవాల్సిన తేదీ కూడా రాయించాలి, ఎందుకంటే ఇంజెక్షన్లు ఆపి ఇంటికెళ్లాక కూడా ఈ మందుల దెబ్బ బయటపడొచ్చు.