టిక్కు చాలదు, అంకె కావాలి

అనంతపురం నుంచో కర్నూలు నుంచో పిల్లల్ని బెంగళూరులో పైలట్ శిక్షణకు పంపే తల్లిదండ్రులు జక్కూరు రన్‌వే పక్కన నిలబడి అడిగేది ఒకటే: ఈ విమానం ఎంత పాతది? అంతకంటే ముందు అడగాల్సినవి రెండున్నాయి. పొద్దున ఇంధన ట్యాంకులోంచి ఎంత నీరు తీశారు? గత పది గంటల్లో ఇంజిన్ ఎంత ఆయిల్ తాగింది? ఈ రెండింటికీ చెక్‌లిస్టులో ఓ టిక్కు పెట్టి ఊరుకోవడం మామూలైపోయింది. అక్కడ అంకె రాయాలన్నదే మా వాదన.

చిన్న పిస్టన్ ఇంజిన్ల ఇంధనం ఏవ్‌గ్యాస్ 100ఎల్ఎల్, నీలం రంగు. 2022లో ఇండియన్ ఆయిల్ సొంత తయారీని మార్కెట్లోకి తెచ్చేదాకా మనకిది దిగుమతి సరుకే. చాలాచోట్లకు పీపాల్లో వస్తుంది, అసలు తంటా అక్కడే మొదలవుతుంది. పీపాను ఆరుబయట నిలబెడితే పైమూత మీద వాన నీరు నిలుస్తుంది. పగటి వేడికి లోపలి గాలి వ్యాకోచించి బయటికి పోతుంది. రాత్రి చల్లబడ్డాక పీపా మళ్లీ గాలి పీల్చుకుంటుంది, బిరడా మరల సందుల్లోంచి ఆ నీరూ లోపలికి దిగుతుంది. అందుకే పీపాను పడుకోబెట్టి, రెండు బిరడాలూ గడియారంలో 3, 9 అంకెల చోట ఉండేలా చూడాలి. అప్పుడు లోపలి ఇంధనమే వాటిని మూసి ఉంచుతుంది.

ఇంధనం పోసేముందు మాస్టర్ స్విచ్, ఇంజిన్‌లో స్పార్క్ పుట్టించే మాగ్నెటోలు ఆపాలి. ట్యాంకు మూత తీయకముందే ఎర్త్ వైరును రంగు లేని లోహానికి తగిలించాలి, మూత బిగించాకే తీయాలి. పోస్తున్నంతసేపూ నాజిల్ ట్యాంకు నోటిని తాకుతూనే ఉండాలి. ఇంధనం పారేటప్పుడు పుట్టే స్థిర విద్యుత్తుకు ఇది దారి. ప్లాస్టిక్ గరాటు వాడితే ఆ దారి తెగిపోతుంది.

నాజిల్ మీద ఎర్ర లేబుల్ ఏవ్‌గ్యాస్‌ది, నల్లది కిరోసిన్ తరహా జెట్ ఏ-1 ఇంధనానిది. డీఏ40 అనే చిన్న విమానం దగ్గర ఇంకాస్త జాగ్రత్త అవసరం: లైకమింగ్ ఇంజిన్ ఉన్నది ఏవ్‌గ్యాస్‌తో, ఆస్ట్రో డీజిల్ ఇంజిన్ ఉన్నది జెట్ ఇంధనంతో నడుస్తాయి. బయటికి రెండూ ఒకేలా ఉంటాయి. అనుమానమొస్తే తెల్ల కాగితం మీద చుక్క వేయండి. ఏవ్‌గ్యాస్ అయితే ఆవిరైపోతుంది, జెట్ కలిసి ఉంటే జిడ్డు మరక మిగులుతుంది. బంకులో దొరికే ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) పోయకూడదా అని కొందరడుగుతారు. కూడదు. ఇథనాల్ నీటిని పీలుస్తుంది, రబ్బరు సీళ్లను పాడుచేస్తుంది.

పోశాక కనీసం పావుగంట ఆగాలి. నీరు బరువు కాబట్టి అడుగుకు దిగుతుంది, దిగడానికి సమయం కావాలి. శిక్షణ విమానం సెస్నా 172ఎస్‌లో డ్రెయిన్ చేయాల్సిన, అంటే అడుగు ఇంధనాన్ని కప్పులోకి తీసి చూడాల్సిన చోట్లు 13: రెక్కకు అయిదు చొప్పున పది, పొట్ట కింద మూడు. ఇక్కడ అనుభవజ్ఞులు కూడా బోల్తా పడే చోటొకటుంది. కప్పులో నీరూ ఇంధనమూ కలిసి వస్తే మధ్యలో గీత కనిపిస్తుంది. కప్పు నిండా నీరే వస్తే గీతే ఉండదు! శుభ్రంగా ఉందనుకుని టిక్కు పెట్టేస్తారు. కప్పును తెల్లటి దేని ముందైనా పట్టి నీలం రంగు ఉందో లేదో చూడాలి, వాసన కూడా చూడాలి. ఎన్ని మిల్లీలీటర్ల నీరు వచ్చిందో రాయాలి. రోజూ ఒకే రెక్కలోంచి నీరొస్తుంటే ఆ ట్యాంకు మూతకుండే రబ్బరు ఓ-రింగ్ పోయినట్టే. ట్యాంకులోకి గాలి వచ్చే వెంట్ గొట్టంలో కందిరీగ మట్టి గూడు కట్టిందేమో కూడా చూడాలి. గాలి లోపలికి రాకపోతే ట్యాంకు నిండా ఇంధనమున్నా ఇంజిన్‌కు చేరదు.

పరిమాణం గేజీని నమ్మి రాయకండి, కొలకర్ర ముంచి రాయండి. బిల్లు లీటర్లలో, విమానం పుస్తకం యూఎస్ గ్యాలన్లలో ఉంటాయి. గ్యాలన్‌కు 3.785 లీటర్లు. 1983లో కెనడాలో ఒక బోయింగ్ 767 గాల్లో ఇంధనం అయిపోయి గిమ్లీలో గ్లైడర్‌లా దిగింది పౌండ్లకూ కిలోలకూ తేడా రావడం వల్లే.

ఆయిల్ డబ్బా మీది అంకెలు కూడా తికమక పెడతాయి. డబ్ల్యూ100లో 100 అంటే చిక్కదనం కొలమానంలో ఎస్ఏఈ 100 కాదు, ఎస్ఏఈ 50. డబ్ల్యూ అంటే చలికాలమూ కాదు, బూడిద మిగల్చని యాష్‌లెస్ డిస్పర్సెంట్ రకమని గుర్తు. కారు ఆయిల్‌లోని లోహపు డిటర్జెంట్లు సిలిండర్‌లో బూడిదగా పేరుకుంటాయి. అది ఎర్రగా కాలి స్పార్క్ కంటే ముందే ఇంధనాన్ని మండిస్తుంది, పిస్టన్ కరిగిపోతుంది.

172ఎస్ ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే సంప్‌లో 8 క్వార్టులు (క్వార్టు అంటే గ్యాలన్‌లో నాలుగో వంతు) పడుతుంది, 5 కంటే తక్కువుంటే ఎగరకూడదు. అంచుదాకా నింపితే పైది ఇంజిన్ లోపలి గాలి బయటికి పోయే బ్రీదర్ గొట్టంలోంచి పోయి పొట్టంతా నల్లబడుతుంది. ఆయిల్ మట్టం తెలిపే డిప్‌స్టిక్ చూడాలంటే ఇంజిన్ ఆపాక పది, పదిహేను నిమిషాలు ఆగాలి. ఎన్ని గంటలకు ఎంత పోశారో రాస్తే కథంతా అందులోనే తెలుస్తుంది. ఎనిమిది గంటలకు ఒక క్వార్టు తాగే ఇంజిన్ నాలుగు గంటలకే అడుగుతోందంటే పిస్టన్ రింగులు అరగడమో, వాల్వ్ గైడులు అరగడమో, ఆయిల్ కారడమో ఏదో ఒకటి ఉన్నట్టే. టిక్కులో అది కనిపించదు.

ఆయిలంతా వడకట్టే ఫుల్-ఫ్లో ఫిల్టర్ ఉంటే 50 గంటలకు, జాలీ మాత్రమే ఉంటే 25 గంటలకు ఆయిల్ మార్చాలని ఇంజిన్ తయారీ సంస్థ లైకమింగ్ చెబుతుంది. గంటలు నిండకపోయినా నాలుగు నెలలు దాటనివ్వకూడదు. వానాకాలంలో ఎగరకుండా నిలిపిన విమానాన్ని వారానికోసారి అయిదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపడం మంచిదనుకుంటారు. ఆయిల్ దాదాపు 82 డిగ్రీల సెల్సియస్‌కు చేరి కొంతసేపు ఉంటేనే అందులోని తేమ పోతుంది. నేలమీది కాసేపటి పరుగు కొత్త తేమను చేర్చడం తప్ప ఏమీ చేయదు. లైకమింగ్ ఇంజిన్‌లో వాల్వులను నడిపే కామ్‌షాఫ్ట్ పైన ఉంటుంది. ఆయిల్ కిందికి జారిపోగానే తుప్పు పట్టేది అక్కడే.

పాత ఫిల్టర్‌ను పారేయకుండా కోసి, మడతలు విప్పి, వెలుతురులో చూడాలి. మెరిసే రేకులుంటే అయస్కాంతం పెట్టాలి. అంటుకుంటే ఉక్కు, బహుశా కామ్‌దో దాన్ని తాకే టాపెట్‌దో. అంటుకోకపోతే అల్యూమినియమో బేరింగ్ లోహమో. ఎన్ని రేకులో లెక్కపెట్టి లాగ్‌బుక్కులో రాయాలి.