సన్మానం సరే, సెలవెక్కడ?

ఏళ్ల తరబడి ఇంట్లోనే పొట్టలోకి పెట్టిన గొట్టం ద్వారానో, సెలైన్‌లా నరం ద్వారానో ఆహారం తీసుకుంటున్న రోగులనీ, వాళ్లని కనిపెట్టుకుని ఉండే ఇంటివాళ్లనీ పిలిచి సన్మానించడం మంచి పని. ఇంకా ఎక్కువ మందికి, ఇంకా ఘనంగా చేయాలి. నా పేచీ సన్మానంతో కాదు, అక్కడ చదివే మాటలతో. 'ఇంత కష్టంలోనూ ఎప్పుడూ నవ్వుతూనే ఉంటారు' అన్న వాక్యం లేకుండా ఇలాంటి సభ ఒక్కటీ ముగియదు. ధైర్యం, పట్టుదల, పాజిటివ్ దృక్పథం అంటారు, చప్పట్లు కొడతారు, ఫొటో తీసుకుంటారు, అయిపోయింది. వీళ్లు రోజూ రాత్రి ఇంట్లో చేసేది ఆసుపత్రిలో అయితే శిక్షణ పొందిన నర్సుకి అప్పగించే పని. ఆ పని ఊసెత్తకుండా నవ్వుని మెచ్చుకోవడం, ఆపరేషన్ చేసి ప్రాణం నిలబెట్టిన డాక్టరుని 'మీ మాటతీరు భలే బాగుందండీ' అని పొగిడి పంపేయడం లాంటిది.

సంగతి తెలిసినవాళ్లకి ఎక్కువ చెప్పక్కర్లేదు. పేగులో ఎక్కువ భాగం తీసేయాల్సి వచ్చినవాళ్లు, పేగు వాచి పుళ్లు పడే క్రోన్స్ వ్యాధితోనో రేడియేషన్‌తోనో పేగు దెబ్బతిన్నవాళ్లు, పేగు ఉన్నా కదలిక లేనివాళ్లు నరం మీద ఆధారపడతారు. పేగు బాగానే ఉండి మింగలేనివాళ్లకి, అంటే గొంతు కేన్సర్ వచ్చినవాళ్లకి, కండరాలు క్రమంగా చచ్చుబడే ఏఎల్ఎస్ జబ్బు ఉన్నవాళ్లకి, మెదడు దెబ్బతిని కదలికలు పట్టు తప్పే సెరిబ్రల్ పాల్సీ ఉన్న కొందరు పిల్లలకి పొట్టలోకి ట్యూబు పెడతారు. కొందరికి కొన్ని నెలలు, కొందరికి జీవితాంతం.

ఇప్పుడు ఆ రాత్రి పని ఏమిటో చూడండి. నరంలోకి ఎక్కించే ఆహారపు బ్యాగుని ఫ్రిజ్‌లోంచి చాలా ముందే తీసి బయట పెట్టాలి, చల్లగా ఎక్కితే ఒళ్లు వణుకుతుంది. లేబుల్ మీద పేరు, తేదీ చూడాలి. బ్యాగు ఎక్కడైనా కారుతోందా, కొవ్వు విడిపోయి పైన పసుపు చారలు కట్టిందా అని వెలుతురులో పట్టి చూడాలి, అలా ఉంటే ఎంత ఖరీదైన బ్యాగైనా పారేయాల్సిందే. ఫ్యాన్ ఆపి, తలుపు వేసి, టేబుల్ తుడిచి, చేతులు రుద్ది రుద్ది కడుక్కోవాలి. విటమిన్లు సిరంజితో కలపాలి, ట్యూబులో గాలి లేకుండా తీసేయాలి, లైన్, అంటే ఒంట్లో ఎప్పుడూ ఉండే నరం గొట్టం, మూతిని ఆల్కహాల్‌తో రుద్ది, అది ఆరేదాకా దేనికీ తగలనివ్వకుండా పట్టుకుని నిలబడాలి. మధ్యలో ముక్కు దురద పెట్టి చెయ్యి అటు వెళ్లిందా, మళ్లీ మొదటికి. సెలైన్‌తో లైన్‌ని కడిగి (ఫ్లష్ చేసి), పంపు పెట్టాక చాలామందికి పది నుంచి పద్నాలుగు గంటలు ఎక్కుతుంది. అన్ని గంటలు అంత ద్రవం ఒంట్లోకి పోతుంటే రోగి బాత్రూమ్‌కి ఎన్నిసార్లు లేవాలో, పంపు అలారం మోగినప్పుడల్లా పక్కన పడుకున్న మనిషి ఎన్నిసార్లు లేవాలో మీరే లెక్కేసుకోండి. పొద్దున్నే విప్పడం, ఫ్లష్ చేయడం, లైన్‌లో ద్రవం నింపి మూసేయడం (లాక్ చేయడం). మళ్లీ రాత్రికి ఇదే.

ఇంత జాగ్రత్త ఎందుకంటే ఆ లైన్ చివర గుండెకి కాస్త పైన, సుపీరియర్ వీనా కావా అనే పెద్ద సిరలో ఉంటుంది. అంత చిక్కటి గ్లూకోజు ద్రవాన్ని చేతి నరం తట్టుకోలేదు కాబట్టి అక్కడిదాకా వెళ్లక తప్పదు. వేలి కొన మీది క్రిమి లైన్‌లోకి పోతే నేరుగా రక్తంలోకే. ఫ్లష్ చేసిన కాసేపటికి చలి, వణుకు, జ్వరం వచ్చాయంటే ఒక మాత్ర వేసి పొద్దున చూద్దాం అనుకునే వీల్లేదు, అర్ధరాత్రి అయినా బండెక్కాల్సిందే. ఆ వణుకు మామూలు జలుబుదా, లైన్‌దా అన్న అనుమానం ముందుగా వచ్చేది ఇంట్లో మనిషికి. ఎమర్జెన్సీలో కూర్చున్న కుర్ర డాక్టరుకి ఆ అనుమానాన్ని నమ్మించడం ఇంకో పని. అక్కడ మాత్రం 'మీరు టెన్షన్ పడకండి, పక్కన కూర్చోండి' అంటారు. సభలో వీరమాత, ఎమర్జెన్సీలో అడ్డమొచ్చే ఆవిడ!

పొట్టలో ట్యూబు తేలికే అనుకునేవాళ్లు కూడా ఉన్నారు. పొట్ట మీద చర్మానికి ఆనుకుని ఉండే బటన్ రకం ట్యూబైతే లోపలి బెలూన్‌లో నీళ్లు సరిపడా ఉన్నాయో లేదో అప్పుడప్పుడూ సిరంజితో లాగి చూడాలి. ఫీడ్‌కి ముందూ వెనకా నీళ్లు పట్టకపోతే ట్యూబు పూడుకుపోతుంది, అప్పుడు గోరువెచ్చని నీళ్లతో మెల్లగా నెడుతూ, లాగుతూ కూర్చోవాలి. తల ఎత్తులో పెట్టకపోతే పాలు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం. ట్యూబు పొరపాటున ఊడి వచ్చేస్తే ఆ రంధ్రం కొన్ని గంటల్లోనే ముడుచుకోవడం మొదలవుతుంది. పిల్లాడు ఏడుస్తుంటే చేతులు వణక్కుండా స్పేర్ ట్యూబు పెట్టే తండ్రికి ఆ క్షణంలో కావాల్సింది పాజిటివ్ దృక్పథం కాదు, నేర్చిన చెయ్యి.

ఈ రంగం చరిత్రలోనూ ఇదే తంతు. 1960ల చివర్లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో స్టాన్లీ డడ్రిక్ బృందం కుక్కపిల్లలని కేవలం నరం ద్వారా పోషించి పెంచి చూపించింది, ఆ తర్వాత ఒక పసిబిడ్డకీ అదే చేసింది. 1973లో సియాటిల్ నుంచి బ్రోవియాక్ కాథెటర్, అంటే ఆ లైన్‌గా వాడే గొట్టం, వచ్చింది, 1979లో దాన్ని మార్చి హిక్‌మన్ కాథెటర్ చేశారు. పొట్ట కోయకుండా నోట్లోంచి దించే ఎండోస్కోప్ అనే కెమెరా గొట్టంతో ట్యూబు పెట్టే పద్ధతిని గాడరర్, పాన్‌స్కీ 1980లో ప్రకటించారు. గొప్ప పనులే, కాదనం. కాథెటర్లకి డాక్టర్ల పేర్లున్నాయి. వాటిని ముప్పై ఏళ్లపాటు రోజూ రాత్రి శుభ్రంగా ఉంచినవాళ్ల పేర్లు దేనికీ లేవు.

పోనీ వాళ్లు సైన్సుకి ఏమీ ఇవ్వలేదా అంటే, చాలా ఇచ్చారు. 1970లో టొరంటోలో పేగు దాదాపు మొత్తం పోయిన ఒక మహిళని జీజీభాయ్ అనే డాక్టరు నరం ద్వారా పోషించి ఇంటికి పంపారు. ఆవిడ రమారమి ఇరవై ఏళ్లు బతికింది. క్రోమియం అనే లోహం లేశమాత్రంగానైనా మనిషికి కావాలన్న వాదనకి అప్పట్లో గట్టి ఆధారం 1977లో అదే బృందం నుంచి వచ్చింది. ఏళ్లుగా నరం ద్వారానే ఆహారం తీసుకుంటున్న ఒక రోగి బరువు తగ్గిపోయి, స్పర్శ తెలిపే నరాలు మొద్దుబారి, గ్లూకోజు ఒంటికి పట్టక అవస్థ పడితే, క్రోమియం ఇచ్చాక కోలుకుంది. ఈ రోజు ఆ బ్యాగుల్లో ఏ ఖనిజం ఎంత కలపాలన్న లెక్కలో చాలా భాగం ఇలాంటి మనుషుల ఒంటి మీద తేలిందే. సాయం పొందినవాళ్లుగా మాత్రమే వాళ్లని వేదిక మీద కూర్చోబెట్టడం న్యాయమా?

అమెరికాలో ఇలా ఇంట్లో ఆహారం ఎక్కించుకునేవాళ్ల కోసం పనిచేసే ఓలీ ఫౌండేషన్ ఈ విషయంలో ఒక మెట్టు పైనే ఉంది. 1983లో లిన్ హోవర్డ్ అనే డాక్టరు, ఆమె దగ్గర వైద్యం పొందుతున్న ఓలీ ఓల్డెన్‌బర్గ్ కలిసి పెట్టిన సంస్థ అది. డాక్టరు, రోగి భుజం భుజం కలిపి మొదలుపెట్టారు కాబట్టే అక్కడ పాత రోగులు కొత్త రోగులకి ఫోన్‌లో ధైర్యంతో పాటు పని కూడా నేర్పుతారు.

నవ్వుని మెచ్చుకుంటే తప్పేంటి, కొత్తగా ట్యూబుతో ఇంటికొచ్చిన కుటుంబానికి 'ఇలా కూడా హాయిగా బతకొచ్చు' అని చూపించే మనిషి కావాలి కదా అని కొందరంటారు. నిజమే. ఉద్యోగం చేస్తూ, పంపుని బ్యాక్‌ప్యాక్‌లో వేసుకుని ప్రయాణాలు చేస్తూ, పిల్లల్ని పెంచుతూ ఉన్నవాళ్లని చూస్తే కొత్తవాళ్ల గుండె కుదుటపడుతుంది. కానీ నవ్వు అర్హతగా మారిన చోట ఏడ్చేవాళ్లకి చోటుండదు. సరుకు ఆలస్యంగా వచ్చిందని సప్లై కంపెనీ మీద అరిచే భార్య, ఇంక నా వల్ల కాదని చెప్పేసిన కొడుకు ఏ అవార్డుకీ పనికిరారు. పని మాత్రం వాళ్లూ అంతే చేశారు.

అసలు నా గొడవ ఇక్కడే. కొన్ని దశాబ్దాలుగా ఆసుపత్రులు తమ పనిని మెల్లమెల్లగా ఇళ్లకి దాటిస్తున్నాయి. డయాలిసిస్ ఇంటికొచ్చింది, వెంటిలేటర్ ఇంటికొచ్చింది, నరానికి ఎక్కించే మందులు ఇంటికొచ్చాయి, పోషణ ఎప్పుడో వచ్చేసింది. రోగికి మంచిదే, సొంత మంచం మీద పడుకోవడానికి మించిన సుఖం ఏముంది. అయితే ఇంట్లో అయితే ఖర్చు చాలా తక్కువ అని లెక్కలు చూపిస్తున్నారు చూశారా, అందులో పెద్ద మతలబుంది. నర్సు జీతం ఆ లెక్కలోంచి పోయింది, నర్సు పని మాత్రం పోలేదు. అది ఇంటి మనిషి నిద్రలోంచి, ఉద్యోగంలోంచి, నడుం నొప్పిలోంచి వస్తోంది. ఖర్చు తగ్గలేదు, పద్దు మారిందంతే. ఆ మనిషి చాలా ఇళ్లల్లో తల్లో, భార్యో, కూతురో అవడం కూడా కాకతాళీయం కాదు. దీనికి జీతం అడిగితే 'కన్నబిడ్డకి చేసుకోవడానికి డబ్బులా' అని మొహం మీదే అనేవాళ్లున్నారు. ఆసుపత్రిలో ప్రేమగా చూసుకునే నర్సుకి కూడా నెల తిరిగేసరికి జీతం ఇస్తున్నాంగా, మరి ఆవిడ ప్రేమకి మైల పడిందా?

కాబట్టి ఇంట్లో నేర్చుకున్న ఈ పనిని పనిగా గుర్తించాలి. చేసే మనిషికి భత్యం ఇవ్వాలి, నెలలో కొన్ని రాత్రులైనా శిక్షణ ఉన్న నర్సుని పంపి వాళ్లని నిద్రపోనివ్వాలి. ప్రతి ఇంట్లో రెండో మనిషికి కూడా పని నేర్పాకే రోగిని డిశ్చార్జ్ చేయాలి, ఎందుకంటే ఉన్న ఒక్క మనిషికీ జ్వరం వస్తుంది. ఎమర్జెన్సీలో ఆ ఇంటిమనిషి 'ఇది లైన్ ఇన్ఫెక్షన్' అంటే ముందు రక్తపరీక్షకి పంపి తర్వాత వాదించాలి. అవార్డులు ఇచ్చేవాళ్లు కూడా నవ్వు సంగతి పక్కన పెట్టి, ఏం నేర్చుకున్నారు, ఎవరికి నేర్పారు, ఏ తప్పుని ముందే పట్టుకున్నారు అని అడగాలి. ఇన్ఫెక్షన్ ఒక్కసారీ రానివాళ్లకే ఇస్తామని మాత్రం షరతు పెట్టొద్దు, అన్నీ సవ్యంగా చేసినా వచ్చే ఇన్ఫెక్షన్లున్నాయి.

ఇవన్నీ ఒక్కరోజులో జరిగేవి కావు గానీ, ఒకటి మాత్రం నిర్వాహకులు వచ్చే సభకే చేయొచ్చు. సన్మానానికి రమ్మని పిలిచిన రాత్రి ఇంట్లో బ్యాగు ఎవరు తగిలిస్తారో, అలారం మోగితే ఎవరు లేస్తారో పిలిచేవాళ్లే చూసుకోవాలి, ఆ నర్సు ఖర్చు పూలదండల బడ్జెట్‌లోంచి తీసినా ఎవరూ ఏమీ అనుకోరు.